ఫ్యూజులు ఎవరి జోబులో?

ఆత్మకూరు దాటి ఉదయగిరి రోడ్డులో రెండు మైళ్ళు పోతే ఎడమచేతి పక్కన ఒక మిట్ట ఉంది. మిట్ట మీద రేకుల షెడ్డు. పగలు చూస్తే భయపడాల్సింది ఏమీ కనపడదు. జానీ బాషా లేతు షాపు, అంతే. ముందర తుప్పు పట్టిన ట్రాక్టరు చక్రం, పక్కన ఒక నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము నీడలో కాళ్ళు చాపుకుని నిద్రపోయే కుక్క.

రాత్రి తొమ్మిది దాటితే ఆ కుక్క కూడా అక్కడ ఉండదు.

చేజర్ల పాలవ్యాను డ్రైవరు ఆ మిట్ట దగ్గరికి రాగానే పాటల సౌండు పెంచేస్తాడు. మోటారుసైకిలు మీద పోయేవాళ్ళు వెనక కూర్చున్న మనిషిని ఏదో ఒకటి మాట్లాడిస్తా పోతారు, ఉన్నాడా లేడా తెలియాలి కదా. ఉదయగిరి నించి వచ్చే ఆఖరి బస్సయితే సరిగ్గా ఆ మిట్ట ముందర ఆగుతుంది. కండక్టరు తాడు లాగడు... ప్యాసింజరు ఒక్కరూ దిగరు... కాసేపుండి మళ్ళీ కదులుతుంది. డ్రైవరు ఒంటేలుకి ఆపుతాడని మా అవ్వ రామసుబ్బమ్మ అంటుంది. ఆమెకి దేనిమీదా గౌరవం లేదు.

అసలు భయం బస్సు గురించి కాదు.

షెడ్డుకి తాళం వేసి ఉంటుంది. లోపల దీపం ఉండదు. మనిషి ఉండడు. అయినా కొన్ని రాత్రులు — అన్ని రాత్రులూ కాదు, కొన్ని రాత్రులే — లోపల మిషను తిరుగుతా ఉండేది. గుయ్... అని, ఆగకుండా, తెల్లారేదాకా.

ఆ మిషను మీద పనిచేసేది మా అక్క దివ్యశ్రీ. కాబట్టి ఇదంతా అక్క నోట విన్నదే. షాహిదన్న చెప్పిందీ కొంత ఉంది. షాహిదన్న అంటే జానీ బాషా కొడుకు, అక్కతో పాటు ఐటీఐ చదివినవాడు. ఆయన చెప్పిన దాంట్లో సగం తీసేశాను. మొదటి టీ తాగేటప్పుడు ఆ దెయ్యం ఎనిమిది అడుగులు ఉండేది, రెండో టీకి పన్నెండయింది. షెడ్డు ఎత్తే పది అడుగులు.

సరే... ముందు ఆ మిషను సంగతి వినండి.

దాన్ని మిల్లింగ్ మిషను అంటారు. అందులో ఇనుము కదలకుండా ఉంటుంది, కత్తే తిరుగుతుంది. ఆ కత్తి పేరు కట్టరు. దాన్ని పట్టుకుని తిరిగే కడ్డీ పేరు స్పిండిల్. పనిని బట్టి కట్టరు మార్చాలి. మార్చాలంటే మిషను నెత్తిన ఉన్న పొడుగాటి బోల్టుని స్పానరుతో వదులు చెయ్యాలి, అప్పుడు కింద కట్టరు ఊడి చేతిలోకి వస్తుంది. చిక్కు ఎక్కడంటే — పైన బోల్టుని తిప్పితే కింద స్పిండిల్ కూడా దాంతోపాటు తిరిగిపోతుంది. దాన్ని ఆపడానికి ఒక బ్రేకు ఉండాలి. ఈ మిషనుకి అది అరిగిపోయి ఏళ్ళయింది.

అందుకే ఇద్దరు కావాలి. ఒకరు స్టూలెక్కి స్పానరు పట్టుకోవాలి. ఇంకొకరు కింద వంగి, ఎడమచేత్తో కొక్కెం రాడ్డు తగిలించి స్పిండిల్ కదలకుండా అదిమి పట్టాలి. కుడిచేతికి గోనెగుడ్డ చుట్టుకుని కట్టర్ని పట్టుకోవాలి.

ఆ కుడిచెయ్యి ఉంది చూడండి... మిషను తిరిగిందంటే ముందు పోయేది అదే.

రాజమోహన్ మేస్త్రికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఉదయగిరి ఆయన. పన్నెండేళ్ళు ఆ మిషను నడిపాడు. కుడిచేతికి మూడే వేళ్ళు. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఏదో కార్ఖానాలో కట్టరు మారుస్తుంటే, అవతల ఎవడో చూసుకోకుండా బటను నొక్కాడంట. అప్పటినించీ ఆయనకి ఒక పట్టుదల. కట్టరు మార్చే ముందు వెనక గోడ దగ్గరికి పోయేవాడు. బోర్డులో ఉన్న మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జోబులో వేసుకునేవాడు. తెల్లటి పింగాణీ ఫ్యూజులు... నడుస్తుంటే జోబులో ఒకదానికొకటి తగిలి టిక్... టిక్... మనేవి.

కరెంటు పోయి ఉన్నా సరే, పీకేవాడు.

వేరేవాళ్ళు కట్టరు మారుస్తుంటే, పక్కన నిలబడి ఒకే ఒక్క మాట అడిగేవాడు. "ఫ్యూజులు ఎవరి జోబులో ఉండాయి?" నా జోబులో మేస్త్రీ, అని జవాబు రావాలి. రాకముందే చెయ్యి లోపల కనిపిస్తే, నూనెగుడ్డతో మణికట్టు మీద ఒక్కటిచ్చేవాడు. షాహిదన్న పనంతా ఆ దెబ్బలతోనే నేర్చుకున్నాడు. ఆఖరికి ఎట్టయిందంటే, మేస్త్రి ఆ మాట అనగానే షాహిదన్న చెయ్యి దానంతటదే బయటికి వచ్చేసేది. అన్నం తింటుంటే అడిగినా కంచంలోనించి చెయ్యి తీసేవాడని మా అక్క ఎగతాళి.

ఈ ఏడు శివరాత్రి పోయిన వారానికి, ఒక మధ్యాహ్నం మేస్త్రి కట్టరు మారుస్తా మారుస్తా టీకి ఆగాడు. ఫ్యూజుల బోర్డు కింద స్టూలు మీద కూర్చున్నాడు. గ్లాసు చేతిలో ఉండగానే... పోయాడు.

గ్లాసు ఒలకలేదంట.

సాయంత్రానికి వ్యానులో ఉదయగిరి చేర్చారు. మూడోరోజు షెడ్డు తెరిచి మిషను ఆన్ చేద్దామని చూస్తే బోర్డులో ఫ్యూజులు లేవు. షెడ్డంతా వెతికారు. అప్పుడు గుర్తొచ్చింది షాహిదన్నకి... అవి మేస్త్రి జోబులోనే ఉన్నాయి. చొక్కాతో పాటు, ఆయనతో పాటు, పోయాయి.

జానీ బాషాని అందరూ భాయ్ అంటారు. ఆయన కొత్త ఫ్యూజులు పెట్టించాడు, కాలిపోవడానికి సిద్ధంగా ఉన్న స్టార్టరు డబ్బాని కూడా పీకించి వేరేది బిగించాడు. పని మొదలైంది.

వారం తిరక్కుండానే ఒక రాత్రి గాలి లేచింది, కరెంటు పోయి వచ్చింది, తాళం వేసిన షెడ్డులో మిషను తిరిగింది.

పగలు కూడా ఒకట్రెండు సార్లు అట్టా తిరిగిందంట. పగలు తిరిగితే షాహిదన్నకి తిట్లు. పచ్చబటను నొక్కి ఎటో పోతావేంది రా, అని. రాత్రి తిరిగితే మాత్రం మేస్త్రి వచ్చాడు అనేవాళ్ళు. ఒకే తప్పు... పగలయితే బతికున్నోడి మీదికి, రాత్రయితే చచ్చిపోయినోడి మీదికి.

ఇట్టా ఉండగా మే నెల వచ్చింది.

ఆరోజు చీకటి పడే వేళకి చేజర్ల చెంచమ్మ ఆటోలో వచ్చి దిగింది. ఆమెకి నాలుగెకరాల నిమ్మతోట. బోరు కంప్రెషరు షాఫ్టుని గోనెసంచిలో చుట్టుకొచ్చి, పసిబిడ్డని దించినట్టు టేబులు మీద దించింది.

"మూడు దినాలయింది మా నీళ్ళు పారి. చెట్టు కింద కాయ తొక్కకుండా అడుగు పెట్టలేకుండా ఉండాను. తెల్లారేతలికి ఇస్తారా, లేదంటే కావలి పొమ్మంటారా?"

భాయ్ నెల్లూరులో చుట్టాలింటి దావతుకి పోయి ఉన్నాడు. షాహిదన్న అక్క మొహం చూశాడు. అక్క షాఫ్టు చూసింది.

"ఇస్తాం అవ్వా. పొయ్యి పొద్దున్నే రా."

షాఫ్టు ఒక పక్క చదును చెయ్యాలి, తర్వాత పుల్లీ బిగియ్యడానికి సన్న గాడి తియ్యాలి. చదును చెయ్యడానికి పెద్ద కట్టరు, గాడికి చిన్న కట్టరు. పెద్ద కట్టరు పని అయ్యేసరికి తొమ్మిది కావస్తా ఉంది. అక్క ఎర్రబటను నొక్కింది. మిషను ఆగింది.

అదే నిమిషంలో రేకులు దడదడమన్నాయి. దుమ్ముగాలి. ఒక్క ఊపుకి తలుపు కొట్టుకుంది... లైటు పోయింది. దూరంగా ఆత్మకూరు దీపాలు కూడా ఎవరో చేత్తో తుడిచినట్టు పోయాయి.

చీకటి.

"కరెంటు వచ్చేలోపల కట్టరు మార్చి పెట్టుకుందాం రా," అంది అక్క.

"ఇప్పుడా?"

"కాదు, నీ నిఖా అయినాక."

ఫోను లైటు వెలిగించి షాఫ్టు మీద ఆనించింది. స్టూలెక్కింది. బోల్టుకి స్పానరు తగిలించింది. షాహిదన్న కింద వంగి రాడ్డు అందుకున్నాడు. అందుకుని... అట్టే ఆగిపోయాడు.

"మే దివ్యా. ఫ్యూజులు?"

"పొయ్యి పీక్కోని రా."

బోర్డు వెనక గోడకి ఉంది. ఫోను వెలుతురు అటుగా పోయి, కింద ఉన్న స్టూలు కాళ్ళ దాకా పోయి, అక్కడ ఆగిపోయింది. ఆ స్టూల్ని అప్పటినించీ ఎవరూ జరపలేదు.

"నువ్వు పో," అన్నాడు షాహిదన్న.

"నేను స్పానరు పట్టుకోని ఉండాను గదా."

"నేను రాడ్డు పట్టుకోని ఉండాను."

"భయమా రా?"

"భయం కాదు మే... మర్యాద. పెద్దాయన కూర్చున్న చోటు."

అప్పుడు అక్క ఒక మాట అంది. "కరెంటే లేదు గదరా. లేని కరెంటుకి ఫ్యూజు పీకేదేంది?"

ఆ మాట అన్నది తనేనని అక్క ఎక్కడా దాచలేదు. ఎవరికి చెప్పినా అక్కడ మాత్రం గొంతు తగ్గుతుంది. ఎందుకంటే చెయ్యి పెట్టింది తను కాదు. షాహిదు.

షాహిదన్న గోనెగుడ్డ చుట్టుకుని కుడిచెయ్యి కట్టరు చుట్టూ బిగించాడు. ఎడమచేత్తో రాడ్డు అదిమాడు. పైన అక్క స్పానరు లాగింది.

బోల్టు కదల్లేదు.

మళ్ళీ లాగింది. రాడ్డు జారింది. స్పిండిల్ పావు చుట్టు తిరిగి ఆగింది.

"గట్టిగా పట్టుకో రా, అన్నం తిన్లా?"

"నువ్వు లాగతా ఉండావా ఊపతా ఉండావా?"

గాలి రేకుల సందుల్లో దూరి సన్నగా ఈల వేస్తా ఉంది. ఒకసారి ఈల... ఒకసారి మూలుగు. డ్రమ్ము మీద మూత పడి రోడ్డు దాకా దొర్లుకుంటా పోయింది. అది ఆగేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

అంతలో బస్సు వచ్చింది. ఉదయగిరి బస్సు.

దాని లైట్లు రేకుల సందుల్లోనించి లోపలికి దూరి, గోడ మీద బద్దలు బద్దలుగా పాకాయి... మిషను మీదికి... బోర్డు మీదికి... అక్కడ ఆగాయి. బయట ఇంజను గుడగుడమంటా ఉంది. ఒక నిమిషం. ఇంకా ఎక్కువే, అంటాడు షాహిదన్న. తర్వాత గేరు పడింది. వెలుతురు జారిపోయింది.

"ఎవురైనా దిగినారా?" గుసగుసగా అడిగాడు.

"పని చూడు రా."

"అడుగుల చప్పుడు..."

"పని చూడు."

అక్క రెండు చేతులతో స్పానరు పట్టుకుని ఒళ్ళంతా వేసి లాగింది. కిర్ మంది. బోల్టు కొంచెం... కొంచెమే... వదులైంది. అదే క్షణంలో నెత్తి మీద లైటు వెలిగింది.

ఇద్దరూ ఒక్కసారి గట్టిగా నవ్వేశారు. అంత నవ్వాల్సింది ఏమీ లేదు, అయినా నవ్వారు. షెడ్డు మళ్ళీ షెడ్డులాగే ఉంది. గోడ మీద పాత క్యాలెండరు, కింద ఇనప పొట్టు, మూలన ఉత్త స్టూలు.

"దెయ్యం లేదు, నీ మొహం లేదు," అంది అక్క. "పట్టుకో. ఇంకో రెండు చుట్లు."

"ఫ్యూజులు పీకేదా ఇప్పుడు?"

"ఇంకో రెండు చుట్లే గదరా. ఎర్రబటను నేనే నొక్కినా."

నిజమే, ఎర్రబటను నొక్కే ఉంది. మిషను నిద్రపోతా ఉంది. షాహిదన్న మళ్ళీ వంగాడు. తల మిషను కింద, చెయ్యి కట్టరు చుట్టూ. అక్క పైన, మొహం బోల్టు వైపు. ఒకరి మొహం ఒకరికి కనపడదు.

ఒక చుట్టు.

కట్టరు కొంచెం కిందికి దిగి అతని అరచేతిలో కూర్చుంది.

ఇంకొక చుట్టులో సగం.

టిక్... టిక్.

ఇది షాహిదన్న విన్నాడంట. పింగాణీ ముక్కలు ఒకదానికొకటి తగిలినట్టు. అక్క మాత్రం తను వినలేదంటుంది.

దాని తర్వాత వచ్చింది ఇద్దరూ విన్నారు.

"ఫ్యూజులు ఎవరి జోబులో ఉండాయి?"

అరవలేదు. బెదిరించలేదు. పన్నెండేళ్ళు రోజూ అడిగినట్టే, మెల్లగా.

షాహిదన్న చెయ్యి బయటికి వచ్చేసింది. అతను తియ్యలేదు... అదే వచ్చింది. రాడ్డు కింద పడింది. పైన అక్క స్పానరు వదిలేసి స్టూలు దిగేసింది. ఆమె చెయ్యి కూడా జోబు వెతుక్కుంటా ఉంది, జోబే లేని చుడీదారు మీద.

ఒక్క ఊపిరి.

గోడ దగ్గర డబ్బాలో టకాల్ మంది.

మిషను తిరిగింది.

బోల్టు మీద వదిలేసిన స్పానరు ఒక్క చుట్టు తిరిగి ఎగిరింది. అక్క తల ఇంతకుముందు ఉన్న చోటు మీదుగా పోయి, రేకు చీల్చుకుని బయట చీకట్లో పడింది. కింద గోనెగుడ్డని కట్టరు లాక్కుంది. పీలికలు... పీలికలు... దారాలు... దుమ్ము. చేతికి చుట్టిన గుండ్రం అట్టే ఉండగానే, లోపల చెయ్యి లేకుండా, ఆ గుడ్డ నలిగిపోవడం షాహిదన్న కళ్ళారా చూశాడు.

ఎవరు పోయి ఎర్రబటను నొక్కారో ఇద్దరికీ గుర్తులేదు. మిషను ఆగింది.

పచ్చబటను గోడకాడ ఉంది. దాని దగ్గరికి ఎవరూ పోలేదు. షెడ్డులో వాళ్ళిద్దరు తప్ప ఎవరూ లేరు. లైటు వెలుగుతానే ఉంది.

ఆ రాత్రంతా ఇద్దరూ రోడ్డు పక్కన ట్రాక్టరు చక్రం మీద కూర్చున్నారు. షాహిదన్న తన వేళ్ళు లెక్కపెట్టుకుంటా ఉన్నాడు. అయిదు వచ్చాక మళ్ళీ మొదలుపెట్టేవాడు.

తెల్లారింది. చెంచమ్మ వచ్చింది. షాఫ్టుకి గాడి పడలేదని తెలిసి నోరు తెరిచింది, వీళ్ళ మొహాలు చూసి మూసింది. జరిగిందంతా షాహిదన్న చెప్పాడు. ఆమె వక్కాకు నములుతా విన్నది. తర్వాత ఎవరూ రాకుండానే తనే లోపలికి నడిచి, గోడ మీది డబ్బా ముందర నిలబడింది.

"ఈ డబ్బా యాడిది?"

"మా నాయన బిగిచ్చినాడు," అన్నాడు షాహిదన్న గుమ్మంలోనించే. "పాతది కాలిపోతాదని."

చెంచమ్మ మూత తీసింది. లోపల వేలు పెట్టి చూపించింది. చిన్న ప్లాస్టిక్ మీట. పైకి ఉంది.

"ఏంది రా మీరు మెకానిక్కులా? ఇది బోరు డబ్బా. ఆటోమేటిక్‌లో పెట్టుండాది. నా తోటలో ఇట్టాంటిదే ఉండాది. కరెంటు పొయ్యి వస్తే ఇది ఊరుకోదు, రొండు మూడు నిమిషాలు చూసుకోని మోటారు అదే ఎత్తుకుంటాది. లేకపోతే నడిజామున కరెంటిస్తే నేను దుప్పటి కప్పుకోని తోటకాడికి పరిగెత్తాల్నా?"



"ఎర్రబటను నొక్కినాను అవ్వా," అంది అక్క.

"నువ్వు నూరుసార్లు నొక్కు. కరెంటు పొయ్యి వచ్చిందంటే దానికి ఏ బటనూ గుర్తుండదు." మీటని కిందికి నొక్కింది. టిక్కున పడింది. "బోరుకయితే నీళ్ళొస్తాయి. దీనికయితే నెత్తురొస్తాది. పోండి, నా షాఫ్టు చెయ్యండి."

పది గంటలకి నెల్లూరు నించి దిగిన భాయ్ ఆ మీటని చూసి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. ఎవరో రైతు బోరు ఎండిపోయి వదిలేసి పోయిన డబ్బా, బాగుందికదా అని బిగించాడు. బోరుకి ఆటో స్టార్టరు ఉండడం ఈ పక్కల పసిపిల్లలకి కూడా తెలుసు. మిల్లింగ్ మిషనుకి బిగిస్తే అది కూడా బోరులాగే లేస్తుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. కరెంటు వచ్చిన రెండు మూడు నిమిషాలకి మిషను లేచేది... అందుకే ఆ రెంటినీ ఎవరూ కలిపి చూడలేదు.

అంతకుముందే అక్క మూడు ఫ్యూజులూ పీకి షాహిదన్న చొక్కా జోబులో వేసింది. కట్టరు మార్చారు. గాడి తీశారు. చెంచమ్మ ఎనిమిదింటికల్లా షాఫ్టు ఎత్తుకుని ఆటో ఎక్కింది.

ఆ తర్వాత షెడ్డులో రాత్రిపూట మిషను తిరగలేదు. గాలి వచ్చినా, కరెంటు పోయినా, వచ్చినా... తిరగలేదు. మిట్టకి చెడ్డపేరు పోవాల్సిందే. పోలేదనుకోండి, జనానికి అంత తొందరగా మనసొప్పదు. షాహిదన్న మాత్రం దెయ్యాన్ని పన్నెండడుగుల నించి పూర్తిగా దించేసి కొత్త కథ మొదలుపెట్టాడు. అందులో దెయ్యం లేదు, మా అక్క ఉంది.

"దివ్యకి మేస్త్రి లాగా గొంతు మార్చి మాట్లాడడం అలవాటే," అని టీ అంగట్లో చెప్తాడు. "నన్ను భయపెట్టాలని పైనించి ఆ గొంతుతో అడిగింది. నా చెయ్యి అలవాటుకొద్దీ బయటికొచ్చింది. ఆమె తమాషా చెయ్యకపోతే నా చెయ్యి ఈపాటికి... వద్దులే. ఇంకో టీ చెప్పు."

ఎంత తేలికయిన సంగతి! విన్నవాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు. షాహిదన్న వాళ్ళమ్మ బషీరున్నీసా గిన్నెడు సేమ్యా పాయసం చేసుకుని మా ఇంటికి వచ్చింది. అక్క మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు చేసిన అల్లరి నా బిడ్డ చెయ్యి నిలబెట్టింది బేటీ," అని కళ్ళు తుడుచుకుంది.

అక్క పాయసం తాగలేదు. గిన్నెలో సగం నేనే తాగాను, నేనెందుకు అబద్ధం చెప్పాలి.

ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నాం. నాకు నోరు ఊరుకోదు కదా.

"అక్కా, ఏదీ ఒక్కసారి మేస్త్రి గొంతు పెట్టు. అవ్వని లేపి భయపెడదాం."

అక్క అటు తిరిగి పడుకుంది.

"ఒక్కసారి అక్కా. షాహిదన్నని ఎట్టా అడిగినావో అట్టా."

అటు తిరిగే చెప్పింది. "లైటు వచ్చినాక నాకు ధైర్యం వచ్చింది చైత్రా. వాణ్ణి ఒక ఆట పట్టిద్దామనిపించింది. మేస్త్రి గొంతుతో అడుగుదామనే అనుకున్నా. గాలి పీల్చుకున్నా. నోరు తెరిచినా..."

"ఆఁ?"

"అంతలో అడిగేసినారు."

నాకు ముందు నవ్వొచ్చింది. "షాహిదన్నే అనుంటాడు అక్కా. నిన్ను ఆట పట్టిద్దామని."

"షాహిదు తల నా కాళ్ళ కింద ఉండింది."

అక్క లేచి కూర్చుంది. కుడిచెవి మీద అరచెయ్యి పెట్టుకుంది, అక్కడ ఇంకా ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

"ఆ మాట నాకు ఈడ వినబడింది."